వాయువును పట్టి ఉంచు రాయి

అణుశక్తిని గురించి మన దేశంలో జరిగే వాదోపవాదాలన్నీ దాదాపు రెండు చోట్లనే ఆగిపోతుంటాయి. ఒకటి రియాక్టరు, రెండవది వ్యర్థాలను పాతిపెట్టవలసిన గొయ్యి. ఈ రెంటి నడుమ మూడవ చోటు ఒకటి ఉన్నది. వాడిన ఇంధనాన్ని ఆమ్లంలో కరిగించి, అందులో మిగిలిన యురేనియాన్ని, కొత్తగా పుట్టిన ప్లుటోనియాన్ని వేరుచేసే కర్మాగారం అది. దానినే ఇంధన పునఃశుద్ధి కేంద్రం అంటారు. ఆ కేంద్రపు పొగగొట్టం నుండి మన మిల్లుల గొట్టాలవలె నల్లని పొగ రాదు. కంటికి కనబడని గాలి మాత్రమే వస్తుంది. కనబడదు గనుకనే దానిని గురించి అడిగేవారు తక్కువ.

ఆ గాలిని గురించి, అందులోని రేడియోధార్మిక వాయువులను పట్టి ఉంచగల సూక్ష్మరంధ్ర పదార్థాలను గురించి ఈ వ్యాసంలో కొంత చెప్పదలచినాము. తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఈ ప్రసక్తి ఎందుకని విజ్ఞానశాస్త్ర విభాగపు మిత్రులు నవ్వవచ్చు. గాలిలోనికి, గడ్డిలోనికి, పాలలోనికి చేరగల వస్తువును గురించి మాట్లాడుటకు రసాయనశాస్త్రంలో పట్టా ఒక్కటే అర్హత అని మేము అనుకొనము. పైగా ఈ విషయంలో భాషకు సంబంధించిన చిక్కు కూడా ఒకటి ఉన్నది. దానిని చివరలో మనవి చేస్తాము.

మొదట విషయం. హైదరాబాదులో 1971లో నెలకొల్పబడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో యురేనియం ఆక్సైడు బిళ్ళలను జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలలో కూర్చి ఇంధన కట్టలుగా తయారుచేస్తారు. ఆ కట్టలు దేశంలోని రియాక్టర్లకు చేరి అక్కడ 'మండుతాయి'. మండుట అన్నది వాడుక మాట మాత్రమే. నిజానికి అక్కడ జరిగేది పరమాణు కేంద్రకాలు పగులుట. ఒక్కొక్క కేంద్రకం పగిలినప్పుడు రెండు చిన్న కేంద్రకాలు పుడతాయి. అట్లు పుట్టినవాటిలో కొన్ని స్వభావరీత్యా వాయువులు, కొన్ని సులభంగా ఆవిరి కాగలిగినవి. గొట్టం మూసి ఉన్నంతకాలం అవి అందులోనే ఖైదీలవలె ఉంటాయి. పునఃశుద్ధి కేంద్రంలో ఆ గొట్టాన్ని ముక్కలుగా కోసి వేడి నత్రికామ్లంలో వేసిన క్షణాన ఆ ఖైదీలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. క్రిప్టాన్, జినాన్, అయొడిన్, నీటి ఆవిరి రూపంలో ట్రిటియం, కార్బన్ డయాక్సైడు రూపంలో కార్బన్-14. వీటికి తోడు ఆమ్లం నుండి పుట్టే నైట్రోజన్ ఆక్సైడులు. ఈ మిశ్రమమంతా గొట్టం దారి పట్టి పైకి పోవాలని చూస్తుంది.

మనకు ఈ విద్య కొత్తది కాదు. ట్రాంబేలోని ప్లుటోనియం కేంద్రాన్ని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి 1965 జనవరిలో ప్రారంభించినారు. తరువాత తారాపూర్‌లోను, కల్పాక్కంలోను కేంద్రాలు వెలసినాయి. కల్పాక్కంలోనే ఫాస్ట్ రియాక్టరు ఇంధనం కొరకు నిర్మించిన ప్రదర్శన కేంద్రం 2024 జనవరిలో జాతికి అంకితమైనది. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు కావాలని 2025 ఫిబ్రవరి బడ్జెటులో లక్ష్యం ప్రకటించబడినది. వాడిన ఇంధనాన్ని పారవేయక తిరిగి శుద్ధి చేసుకొనుటే మన దేశపు విధానం కనుక, రియాక్టర్లు పెరిగినకొద్దీ ఇంధనాన్ని కరిగించే తొట్లు కూడా పెరుగుతాయి. తొట్లు పెరిగితే ఆ గాలి కూడా పెరుగుతుంది. ఈ లెక్కకు గణితశాస్త్రజ్ఞుడు అవసరం లేదు.

ఈ వాయువులలో అయొడిన్ కథ వేరు. మన మెడలోని థైరాయిడ్ గ్రంథికి అయొడిన్ కావాలి. ఉప్పులో కలిపి మరీ తింటున్నాము. ఆ గ్రంథికి మంచి అయొడిన్, రేడియోధార్మిక అయొడిన్ అన్న విచక్షణ లేదు, వచ్చినదానినెల్ల దాచుకొంటుంది. అయొడిన్-131 అర్ధాయువు ఎనిమిది రోజులు. అంటే ఎనిమిది రోజులకొకసారి సగమవుతుంది. వాడిన ఇంధనాన్ని కొన్ని నెలలు నీటి కొలనులో ఉంచి చల్లార్చితే అది దాదాపు నశించిపోతుంది. అయొడిన్-129 అట్లు కాదు. దాని అర్ధాయువు ఒక కోటి యాభై ఏడు లక్షల సంవత్సరాలు. దానిని చల్లార్చుటకు ఏ కొలనూ చాలదు. తీవ్రత తక్కువే, కాని తరగదు.

చల్లార్చకుండా కరిగించితే ఏమగునో తెలుపు ఉదంతం ఒకటి చరిత్రలో ఉన్నది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్ అను చోట యుద్ధకాలంలో ప్లుటోనియం కర్మాగారం కట్టినారు. సోవియట్ యూనియన్ 1949 ఆగస్టులో తన తొలి అణుపరీక్ష జరిపినది. ఆ దేశపు కర్మాగారాలను దూరం నుండి పసిగట్టగల పరికరాలను పరీక్షించుటకు అమెరికా సైన్యానికి ఒక నమూనా కావలసి వచ్చినది. నమూనా అంటే గాలిలో అయొడిన్. 1949 డిసెంబరు 2, 3 తేదీల నడుమ రాత్రి, కేవలం 16 రోజులు మాత్రమే చల్లారిన 'పచ్చి' ఇంధనాన్ని హాన్‌ఫర్డ్‌లో కరిగించినారు. వాయువును శుభ్రపరచే సాధనాలను కావాలనే పనిచేయనీయలేదు. సుమారు 8000 క్యూరీల అయొడిన్-131 గాలిలో కలిసినది. పోల్చి చూచుటకు ఒక మాట. 1979లో లోకమంతా గగ్గోలు పెట్టిన త్రీ మైల్ ఐలండ్ ప్రమాదంలో వెలువడిన అయొడిన్ సుమారు 15 క్యూరీలు. వాతావరణం కూడా అనుకూలించక, ఆ అయొడిన్ పరిసరాల గడ్డిమీద దిగినది. గడ్డిని ఆవు తిన్నది. పాలు పిల్లలు త్రాగినారు. ఆ ప్రాంతపు తల్లిదండ్రులకు ఈ సంగతి 1986లో, వేల పుటల పత్రాలు బయటపడిన తరువాత గాని తెలియలేదు. అప్పటికి ఆ పిల్లలు తామే తల్లిదండ్రులై ఉన్నారు.

దీనికి 'గ్రీన్ రన్' అని పేరు పెట్టినారు. పచ్చి అన్న మాటకు ఇంత చేదు అర్థం మరెక్కడా మాకు కనబడలేదు.

అదే హాన్‌ఫర్డ్‌లో కొద్దికాలానికే అయొడిన్‌ను పట్టు సాధనం అమర్చబడినది. పింగాణి ముక్కలకు వెండి నైట్రేటు పూత పూసి, వేడిచేసి, వాటిమీదుగా ఆ గాలిని నడిపించినారు. అయొడిన్‌కు వెండి అంటే వల్లమాలిన ప్రీతి. రెండూ కలిసి వెండి అయొడైడు అవుతాయి. నీటిలో కరగని, సులభంగా విడిపోని జంట అది. పట్టగల విద్య చేతికి అందినంత దూరంలోనే ఉండినదని, పట్టవలెనన్న ఆజ్ఞయే లేకపోయినదని ఈ చరిత్ర తెలుపుతున్నది. మా వాదమంతా ఈ ఒక్క విషయంమీద ఆధారపడినది.

పింగాణి పూతనుండి శాస్త్రజ్ఞులు జియోలైటుకు వచ్చినారు. జియోలైటు ఒక ఖనిజం. 1756లో స్వీడన్ దేశీయుడు క్రోన్‌స్టెట్ ఒక రాయిని వేడిచేయగా అది బుడగలు కక్కుతూ ఉడికినట్లు కనిపించినదట. గ్రీకు భాషలో 'ఉడికే రాయి' అన్న అర్థంలో ఆ పేరు పెట్టినాడు. రాయి ఉడికినది కాదు, దాని అంతర్భాగంలోని అతిసూక్ష్మమైన గదులలో దాగిన నీరు ఆవిరై వచ్చినది. మన దక్కను పీఠభూమి నల్లరాతి పొరల సందులలో, ముఖ్యంగా మహారాష్ట్రలోని పూనా, జలగాం ప్రాంతాలలో, ఈ స్ఫటికాలు విరివిగా దొరుకుతాయి. ప్రపంచపు ప్రదర్శనశాలలలో అవి అలంకారాలుగా వెలుగుతున్నాయి. మోర్డినైట్ అనునది ఆ జాతిలో ఒకటి, ఆమ్లానికి ఓర్చుకొనగలది. దాని గదులలోని సోడియాన్ని తొలగించి వెండిని కూర్చుండబెడితే అయొడిన్‌ను పట్టుటకు ప్రమాణమనదగిన పదార్థం అవుతుంది.

బొగ్గు ఉండగా వెండి ఎందుకని అడగవచ్చు. కొబ్బరి చిప్పల బొగ్గును ఆవిరితో చైతన్యవంతం చేస్తే ఒక్క గ్రాములో సుమారు వెయ్యి చదరపు మీటర్ల వైశాల్యం ఏర్పడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు నుండి సైనికులను కాపాడిన ముసుగులలో ఉన్నది ఇటువంటి బొగ్గే. నేటికీ అణువిద్యుత్ కేంద్రాల గాలిని వడకట్టుటకు దానినే వాడుతున్నారు. అయితే ఇంధనాన్ని కరిగించే తొట్టిపై వచ్చే గాలిలో నైట్రోజన్ ఆక్సైడులు దండిగా ఉంటాయి. వాటితో కలిసినప్పుడు బొగ్గు నిప్పు అంటుకొనే భయం ఉన్నది. వెండికి ఆ భయం లేదు, కాని ఆ ఆక్సైడుల వలననే దాని శక్తి రోజురోజుకు క్షీణిస్తుంది. వెండి ధర సంగతి ఇంట్లో ఆడపిల్లలున్నవారికి మేము చెప్పనవసరం లేదు.

ఇక్కడికి అయొడిన్ కథ కొంత తేలినట్లే. క్రిప్టాన్-85 మరింత మొండిది. దాని అర్ధాయువు సుమారు పదకొండు సంవత్సరాలు. అది జడవాయువు, అనగా ఎవరితోను కలవనిది. వెండి పెట్టినా బంగారం పెట్టినా లొంగదు. పూర్వం దీనిని పట్టుటకు ప్రధానమైన మార్గం ఒకటి ఉండినది. గాలి మొత్తాన్ని సున్నకు దిగువన నూటయాభై డిగ్రీలకు పైగా చల్లబరచి ద్రవంగా మార్చి వేరుచేయుట. అమెరికాలో ఇడాహోలోను, జపానులో తొకాయ్‌లోను ఈ పని చేసి చూపినారు. ఖర్చు అపారం. గాలిలోని ఆక్సిజన్ రేడియోధార్మికత వలన ఓజోనుగా మారి, ఆ చలిలో పోగై పేలునేమోనన్న జాగ్రత్త వేరు. అందుచేత వాణిజ్య కేంద్రాలు క్రిప్టాన్‌ను పట్టు ప్రయత్నం మానివేసినాయి. ఫ్రాన్సులోని లా హాగ్ కేంద్రం నేటికీ దానిని గాలికే వదులుతున్నది.

ఈ చోటనే సూక్ష్మరంధ్ర పదార్థాలు కొత్త ఆశను తెచ్చినాయి. లోహ-సేంద్రియ చట్రాలు అనబడు స్ఫటికాలు కొన్ని ఉన్నాయి. పెండ్లి పందిరిని తలచుకొంటే వాటి నిర్మాణం తెలుస్తుంది. గుంజలు పాతిన చోట లోహపు అయానులు, గుంజనుండి గుంజకు కట్టిన వెదుళ్ళ స్థానంలో సేంద్రియ అణువులు. మిగిలినదంతా ఖాళీయే. వెదురు పొడవు మార్చితే గది కొలత మారుతుంది. అంటే ఏ అతిథికి ఎంత గది కావాలో ముందుగానే నిర్ణయించి కట్టవచ్చును. 2004లో వెల్లడైన ఒక చట్రంలో గ్రాముకు 4500 చదరపు మీటర్ల వైశాల్యం లెక్కతేలినది. చిటికెడు పొడిలో ఎకరానికి మించిన నేల. ఈ చట్రాలను కనిపెట్టి పెంపొందించినందుకు సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీ అను ముగ్గురికి 2025 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

యాఘీని గురించి ఒక మాట చెప్పక ముందుకు సాగలేము. ఆయన 1965లో అమ్మాన్ నగరంలో పాలస్తీనా శరణార్థుల ఇంట పుట్టినాడు. పశువులతో కలిసి ఒకే గదిలో కాపురముండిన కుటుంబం అది. పదేండ్ల వయసులో, ఎప్పుడూ తాళం వేసి ఉండే బడి గ్రంథాలయంలోనికి చాటుగా దూరి ఒక పుస్తకం తీసి చూస్తే అందులో అణువుల బొమ్మలు కనిపించినవట. గ్రంథాలయపు తాళాన్ని గురించి మా అభిప్రాయం కళాశాల కమిటీ పెద్దలకు ఇదివరకే విన్నవించి ఉన్నాము కనుక ఇక్కడ మరల చెప్పము.

క్రిప్టాన్ విషయానికి వస్తే, 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన గమనింపదగినది. సుమారు లక్షా ఇరవై అయిదు వేల చట్రాలను గణనయంత్రంలో పరీక్షించి, కాల్షియంతో కట్టిన ఎస్‌బీమాఫ్-1 అను చట్రం జినాన్‌ను పట్టుటలో మేటి కాగలదని ఊహించినారు. చేసి చూడగా ఊహ నిజమైనది. దాని గది జినాన్ పరమాణువుకు కొలిచి కుట్టించిన అంగరఖావలె సరిపోతుంది. అంతకంటె చిన్నదైన క్రిప్టాన్ అందులో నిలువలేక దాటిపోతుంది. అది కూడా మామూలు గది ఉష్ణోగ్రతలోనే, గడ్డకట్టించే చలి అవసరం లేకుండా. వాడిన ఇంధనం నుండి వచ్చే గాలిలో జినాన్ క్రిప్టాన్‌కు సుమారు పది రెట్లు ఉంటుంది. కాని కొలనులో నానిన ఇంధనంలోని జినాన్‌లో రేడియోధార్మికత దాదాపు ఉండదు. ముందుగా దానిని తొలగిస్తే మిగిలిన క్రిప్టాన్‌ను చిన్న పాత్రలో దాచవచ్చు. తొలగించిన జినాన్‌ను దీపాలకు, ఉపగ్రహాలకు అమ్ముకొనవచ్చు. ఈ పరిశోధనకు నాయకత్వం వహించినవారిలో ఒకరు అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలకు చెందిన ప్రవీణ్ తల్లపల్లి. అంతకు పూర్వం హైదరాబాదు విశ్వవిద్యాలయంలో స్ఫటికాల రసాయనశాస్త్రంలో పరిశోధన చేసినవారు. ఆ ప్రయోగశాల ఉన్నది హాన్‌ఫర్డ్ పొరుగుననే. 1949 నాటి గాలి వీచిన నేలమీదనే 2016 నాటి ఈ పని జరిగినది.

అయితే ఈ పదార్థాల ప్రశంసలన్నీ యథాతథంగా స్వీకరించవలసినవి కావు. 2011లో జెడ్ఐఎఫ్-8 అను చట్రం తన బరువుకంటె నాలుగవ వంతు ఎక్కువ అయొడిన్‌ను పట్టినదని వచ్చినది. గొప్ప సంగతే. అప్పటినుండి ఏటేటా మరింత పట్టినామని పోటీగా వ్యాసాలు వెలువడుతున్నాయి. గాజుసీసాలో శుద్ధమైన అయొడిన్ ఆవిరితో చేసిన ప్రయోగం వేరు. పది లక్షల పాళ్ళలో కొద్ది పాళ్ళు మాత్రమే అయొడిన్ ఉండి, తక్కినదంతా తేమ, ఆమ్లపు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడులు ఐన గాలి వేరు. ఎంత పట్టినది అన్నది ఒక ప్రశ్న. తడిలో, ఆమ్లంలో, రేడియోధార్మికతలో ఎంతకాలం పట్టి ఉంచినది అన్నది అసలు ప్రశ్న. దావతుకు వచ్చి నిండా తిన్నవాడికంటె, మరునాడు గిన్నెలు తోమిపోయినవాడే కావలసినవాడని మా పెద్దలు అనేవారు.

ఇక ఎదుటివారి వాదం. నిపుణులు చెప్పేది ఇది: క్రిప్టాన్ శరీరంలో నిలువదు, గాలిలో పలచబడిన తరువాత ఒక మనిషికి తగిలే మోతాదు అత్యల్పం, దానికై కోట్లు వెచ్చించుట వ్యర్థం. ఇందులో అసత్యం లేదు. పట్టిన క్రిప్టాన్‌ను ఒత్తిడితో ఉక్కు పాత్రలో దాచితే, అది క్షీణించి రుబీడియంగా మారి ఆ ఉక్కునే తినివేయగలదన్నది కూడా నిజమే. పొగగొట్టం నుండి పలచగా పోయేదానికంటె పాత్ర బద్దలై ఒక్కసారిగా వచ్చేది ప్రమాదమని వారి వాదం. మేము దీనిని తేలికగా త్రోసివేయము. కాని పాత్రకు బదులు జియోలైటు గదులలోనే క్రిప్టాన్‌ను బంధించి, గదుల తలుపులు వేడితో మూసివేసే పద్ధతులు పరిశోధనలో ఉన్నాయి. నూరేండ్లు భద్రపరిస్తే దానిలో సుమారు ఆరువందలవ వంతు మాత్రమే మిగులుతుంది. నూరేండ్లు అన్నది మన మసీదులకు, కోవెలలకు, కళాశాల భవనాలకు అలవాటైన వయసే. కోటిన్నర సంవత్సరాలు మాత్రం ఎవరికీ అలవాటు లేదు. అందుచేత అయొడిన్ విషయంలో 'పలచబడుతుంది' అన్న సమాధానం మాకు సమాధానంగా తోచదు. లా హాగ్ నుండి, బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్ నుండి సముద్రంలో కలిసిన అయొడిన్-129 ఉత్తర ధ్రువ సముద్రం దాకా ప్రయాణించినది. నేడు సముద్ర శాస్త్రజ్ఞులు దానిని ఆనవాలుగా పెట్టుకొని జలప్రవాహాల దారులు గుర్తిస్తున్నారు. పలచబడినది అంతర్ధానం కాలేదన్నమాట.

నియమాల సంగతి మరీ విచిత్రం. అమెరికా ప్రభుత్వం 1977లో కఠినమైన నియమం చేసినది. వెయ్యి మెగావాట్ల విద్యుత్తు ఏడాదిపాటు ఉత్పత్తి చేసినందుకుగాను 50,000 క్యూరీల క్రిప్టాన్-85, క్యూరీలో వెయ్యవ వంతులు అయిదు మాత్రమే అయొడిన్-129 వెలువడవచ్చునని. కాని ఆ దేశంలో నడిచిన ఏకైక వాణిజ్య పునఃశుద్ధి కేంద్రం వెస్ట్ వ్యాలీ 1972లోనే మూతపడినది. నియమం ఉన్నచోట కర్మాగారం లేదు. కర్మాగారం ఉన్నచోట క్రిప్టాన్‌ను పట్టవలసిన నియమం లేదు.

మేము కోరునది అణుశక్తిని మానివేయుట కాదు. ఆ తీర్పు మా అధికారంలో లేదు. మా కోరిక రెండు విషయాలకు పరిమితం. కొత్తగా కట్టబోవు పునఃశుద్ధి కేంద్రాలకు వాయువులను పట్టు మంచాలు పునాది నాడే నక్షాలో చేరవలె. కట్టిన తరువాత కాంక్రీటు గోడ పగులగొట్టి చేర్చుట ఎట్టి ఇంజనీరుకైనా దుస్సాధ్యం. ఇక రెండవది, పొగగొట్టం నుండి ఏటా ఏ వాయువు ఎంత వెలువడినదో ఆ చుట్టుపట్ల ప్రజలు చదువుకొనే భాషలో ప్రకటింపబడవలె. బ్రిటన్‌లో ఆహారంలోను, పరిసరాలలోను ఉన్న రేడియోధార్మికతను గురించి ఏటేటా పుస్తకం ప్రచురిస్తారు, చేపలు, పాలు, సముద్రపు నాచు సహా. ఆ లెక్కలు చూచి అక్కడెవరూ పిచ్చెత్తి పరుగులు తీయలేదు.

ఈ రెండవ కోరిక వద్దనే భాషకు పని పడుతుంది. మనవద్ద బ్లాటింగు కాగితం సిరాను పీల్చుతుంది. దీనిని శోషణం అంటారు. జియోలైటు గది గోడకు వాయువు అంటుకొనుట శోషణం కాదు, అధిశోషణం. ఇంగ్లీషులో కూడా ఈ రెండు మాటలకు ఒక్క అక్షరమే భేదం. ఉర్దూలో జజ్బ్ అన్న మాట లోనికి పీల్చుకొనుటకు వాడుకలో ఉన్నది. మనసు లీనమగుటకు కూడా అదే మాట. అత్తరులో ముంచిన దూదిని చెవిలో పెట్టుకొనే అలవాటు ఉన్న ఇండ్లలో ఒక వస్తువు మరొకదానిని పట్టి ఉంచి మెల్లగా వదులుట అన్న భావానికి వ్యాఖ్యానం అక్కరలేదు. కావలసినది ఆ భావానికి తగిన మాట మాత్రమే. 1917లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు ఏర్పడిన దారుల్ తర్జుమా శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. తెలుగు అకాడమీ 1968 తరువాత తెలుగులో ఆ పని చేసినది. ఆ రెండు కృషులూ రెండు అలమరలలో వేరువేరుగా ఉండిపోయినాయి. రెంటినీ ఒకే బల్లమీద పరచి చూడగల విద్యార్థులు మన కళాశాలలోనే ఉన్నారు.

ఈ ఆలోచనతో, అణుశక్తికి సంబంధించిన నలభై మాటలకు తెలుగు, ఉర్దూ సమానార్థకాల పట్టిక ఒకటి తయారుచేయ మొదలుపెట్టినాము. రసాయనశాస్త్ర విభాగం వారు పదునెనిమిది మాటలను సరిచూచినారు. మిగిలిన ఇరువది రెండింటిలో అర్ధాయువుకు, జడవాయువుకు తగిన ఉర్దూ మాట దొరకలేదు. పట్టిక ఉర్దూ విభాగపు బల్లమీద ఉన్నది. తృతీయ సంవత్సరపు విద్యార్థులు వేసవి సెలవులకు ముందుగానే వచ్చి చూడగలరు.